అస్పష్ట ముద్రల స్పష్టీకరణ

పాలేటిపట్నం తపాలా బిళ్ళల ప్రదర్శనశాలను పద్దెనిమిదేళ్ళలో సందర్శించినవారు మొత్తం నూటనలభై మంది. వాన పడుతుంటే తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళను తీసేస్తే పదకొండు మంది.

ఆ ఊళ్ళో ప్లీడరుగా పనిచేసిన ఒక పెద్దమనిషి జన్మంతా కూడబెట్టిన ముప్ఫై ఒక్కవేల బిళ్ళలను ప్రభుత్వానికి దానం చేసి కన్నుమూశాడు. ప్రభుత్వం వాటిని బీరువాల్లో పెట్టి, తాళాలు వేసి, తాళంచెవుల సంఖ్యను రిజిస్టర్లో ఎక్కించి, భద్రంగా మరిచిపోయింది.

అలాగే ఉండిపోతే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. కానీ రాజధాని నుంచి వస్తున్న ఒక మహా పెద్ద అధికారి కారు సరిగ్గా ఆ భవనం ముందు పంక్చరైంది. టైరు మార్చేలోగా ఆయన లోపలికి నడిచాడు. కళ్ళజోడు కారులోనే ఉండిపోయింది. గాజుపెట్టెలో ఉన్న ఒక బిళ్ళ మీదికి వంగి, "ఈ నల్లటి మరకేమిటి?" అని అడిగాడు.

"ముద్రండయ్యా," అన్నాడు వాచ్‌మన్.

"ఏమని ఉంది?"

వాచ్‌మన్ చూశాడు. గుమాస్తా చూశాడు. వెంట వచ్చిన తహసీల్దారూ చూశాడు. ఎవరికీ అంతుపట్టలేదు.

"ప్రభుత్వ ఆస్తి మీద ఏం రాసి ఉందో ప్రభుత్వానికే తెలియదా?" అని పెద్ద అధికారి నొచ్చుకుని, కారెక్కి వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ స్వాధీనంలో ఉన్న ఏ తపాలా బిళ్ళ మీదా చదవడానికి వీలుకాని ముద్ర ఇకమీదట ఉండరాదు. ఇందుకోసం 'అస్పష్ట ముద్రల స్పష్టీకరణ పథకం' మంజూరైంది. పథకానికి ఒక ప్రత్యేకాధికారి, ఒక సూపరింటెండెంటు, ఇద్దరు టైపిస్టులు వచ్చారు; ఒక జీపు కూడా వచ్చింది. ప్రత్యేకాధికారి గండికోట విద్యాధరరావు అంతకుముందు ఎండిపోయిన బావుల శాఖలో ఉండి, బావుల్లో నీళ్ళు లేవని మూడు సంపుటాల నివేదిక సమర్పించినవాడు. సూపరింటెండెంటు మృత్యుంజయం ఏ కాగితం మీదైనా 'పరిశీలించడమైనది' అని పరిశీలించకుండా రాయగల అనుభవజ్ఞుడు. అన్నీ అమిరాక, ముద్రలు చదవడం వచ్చిన మనిషి ఒక్కడు కూడా ఉంటే బాగుంటుందని ఎవరికో తోచింది. అలా తాడిపర్తి జోజప్పకు కబురు వెళ్ళింది.

జోజప్ప రైల్వే మెయిల్ సర్వీసులో ముప్ఫై ఆరేళ్ళు, ఉత్తరాలను ఊరివారీగా గూళ్ళలో వేసే సార్టరుగా చేసి రిటైరయ్యాడు. పరిగెత్తే బండిలో నిలబడి, కాళ్ళు దన్నుపెట్టి, వానకు తడిసిన కవర్లూ, నూనె చేతుల కార్డులూ, సగం చెరిగిన ముద్రలూ చదివి చదివి ఆయన కళ్ళకు అదొక అలవాటైపోయింది. ఇంట్లో ఆయనకూ బిళ్ళల ఆల్బములున్నాయి. కబురు విని భార్య రాహేలమ్మ, "పోయి రండి. ఇంట్లో ఉంటే నా పప్పు డబ్బాల మీద చెరిగిపోయిన పేర్లు చదువుకుంటా కూసుంటారు," అంది.

మొదటిరోజు విద్యాధరరావు ఆయన్ను కూర్చోబెట్టి, "ముద్రాపఠనమునకు తమరికి అవసరమగు సామగ్రి యేదియో తెలియజేయుడు," అన్నాడు. ఆయన మాటలు కూడా కాగితం మీంచి లేచి వచ్చినట్టే ఉండేవి.

"పెద్దగా ఏం అక్కర్లేదండి. తూర్పు కిటికీ పక్కన బల్ల వేయించండి. ఏటవాలు వెలుగులో పెడితే చెరిగిన ముద్ర కూడా పైకి తేలుద్ది. ఒక నీలం గాజుముక్క. ఒక నల్ల పళ్ళెం, ఒక బుడ్డి తెల్ల పెట్రోలు."

"పెట్రోలా?"

"కాగితంలోనే కొన్ని గుర్తులుంటాయండి, నీటి గుర్తులంటారు. మామూలుగా కనబడవు. నల్ల పళ్ళెంలో బిళ్ళని బోర్లా పెట్టి రెండు చుక్కలు వేస్తే ఒక్క క్షణం కనబడి మాయమైపోతాయి. బిళ్ళకేం కాదు."

మృత్యుంజయం అన్నీ రాసుకున్నాడు. మూడు వారాలకు సామగ్రి వచ్చింది. పళ్ళెం తెల్లది. శుభకార్యానికి నలుపు వాడరాదని స్టోర్సు వారి అభ్యంతరం. పెట్రోలు వాహనాలకు తప్ప ఇవ్వకూడదు గనక, పళ్ళేన్ని ఒక వాహనంగా నమోదు చేసి, దానికొక నంబరు కేటాయించి, రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయమని ఒక లాగ్ బుక్కు జోజప్ప చేతికిచ్చారు. జోజప్ప ఇంటి నుంచి రాహేలమ్మ నల్ల పెంకు మూకుడు తెచ్చుకుని పని మొదలుపెట్టాడు. లాగ్ బుక్కులో రోజూ 'సున్నా కిలోమీటర్లు' అని రాశాడు. పదిరోజులకు, వాహనం కదలకుండానే పెట్రోలు తాగుతోందని ఆడిట్ అభ్యంతరం వచ్చింది.

అయినా ఆయనకు ఆ పని నచ్చింది. ఒక బిళ్ళ మీద ఎప్పుడో ఎత్తేసిన ఓడరేవు ముద్ర దొరికింది. మరొకదాని మీద యుద్ధకాలపు సెన్సారు గుర్తు సగం కనిపించింది. రోజుకు పన్నెండు చదివేవాడు, మంచి ఎండ ఉన్న రోజు పదిహేను. పథకం లక్ష్యం రోజుకు రెండువందలు. ఒకరోజు బల్ల మీద మెమో కనబడింది. 'శ్రీ జోజప్ప ప్రతి బిళ్ళనూ చూసిన మీదటనే చదువుచున్నందున తీవ్ర కాలయాపన జరుగుచున్నట్లు గమనించడమైనది. ఇందుకు కారణములు మూడు దినములలో తెలుపవలెను.'

ఆ మెమోకు జవాబు రాసేలోపే ఏడో నంబరు సర్క్యులరు వచ్చింది. దాని ప్రకారం మసక మూడు రకాలు: అల్ప మసక, అధిక మసక, సంపూర్ణ మసక. మూడో రకం కింద ఆరువేల బిళ్ళలు మోసుకొచ్చి జోజప్ప ముందు పెట్టారు. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూసి, విద్యాధరరావు గదికి వెళ్ళాడు.

"ఇవి వాడని బిళ్ళలండి. ప్లీడరుగారు పోస్టాఫీసులో కొని అట్టానే దాచారు. వీటిమీద ముద్రే పడలేదు."

"పడలేదనుటకు తమవద్ద ఆధారమేమున్నది?"

"కనబడట్లేదు గదండీ."

విద్యాధరరావు జాలిగా నవ్వాడు. "జోజప్పగారూ, కనబడనివాటిని చదువుటకే గదా ప్రభుత్వమీ పథకము మంజూరు చేసినది! కనబడువాటికి నిపుణుడెందుకు? నేనే చదివెడివాడను."

జోజప్ప తిరిగొచ్చి ఆరువేల బిళ్ళలకూ 'ముద్ర లేదు' అని రాశాడు. మృత్యుంజయం దాన్ని కొట్టేసి, 'ముద్ర కలదు, కనబడుట లేదు, చర్యలు తీసుకొనబడుచున్నవి' అని సరిదిద్దాడు.

పనిలో వేగం కోసం ఆ పైన ముగ్గురు సభ్యుల పఠన సంఘం వేశారు. అందులో విద్యాధరరావు ఒకడు, లెక్కల అధికారి ఒకడు, బయటివాడొకడు ఉండాలన్న నియమం కొద్దీ పట్టుపరిశ్రమ శాఖ నుంచి పిలిపించిన అధికారి ఒకడు. జోజప్పకు చోటు లేదు. ఎందుకని అడిగితే విద్యాధరరావు ఓపిగ్గా వివరించాడు: "చదువుట వచ్చినవానికి ముందుగనే ఒక అభిప్రాయము ఏర్పడి ఉండును. సంఘమునకు నిష్పాక్షికత ముఖ్యము."

సంఘం మంగళ, శుక్రవారాలు కూర్చునేది. జోజప్ప రాసిచ్చిన చీటీ పక్కన పెట్టుకుని, ఒక్కో సభ్యుడూ బిళ్ళను ఎత్తి చూసి తనకు తోచిన తేదీ చెప్పేవాడు. ముగ్గురివీ కలిపి మూడుతో భాగిస్తే వచ్చిందే అధికారిక తేదీ. ఊరి పేరులో ముందు సగం ఒకరిదీ, వెనక సగం మరొకరిదీ తీసుకునేవారు. ఈ పద్ధతిలో మొదటి వారంలోనే రాజనాడ, గుంటపట్నం, విజయమండ్రి అనే మూడు కొత్త ఊళ్ళు వెలుగులోకి వచ్చాయి. రాజధాని నుంచి అభినందన లేఖ వచ్చింది.

జోజప్ప మానేద్దామనుకున్నాడు. ఇంట్లో ఆ మాట అన్నాడు కూడా. సరిగ్గా ఆ వారంలోనే సోడె లచ్చమ్మ వచ్చింది.

డెబ్బై ఏళ్ళ మనిషి. ఎర్రగళ్ళ చీర కొంగులో కట్టిన మూటొకటి రెండు చేతులా పట్టుకుని, తూర్పు కిటికీ బయట అరుగు మీద కూర్చుంది. ఎవరు కావాలని జోజప్ప కిటికీలోంచి అడిగాడు.

"మసక ముద్దర్లు చదివే బాబు కావాల."

"నేనేనమ్మా."

ఆమె లోపలికి వచ్చి మూట విప్పింది. అందులో మడతలు పడి పసుపెక్కిన ఒక కవరు ఉంది. దాని మీద నటరాజు బొమ్మ ఉన్న రెండణాల ఎర్ర బిళ్ళ, బిళ్ళ మీద పొగలాంటి గుండ్రటి మరక ఉన్నాయి.

లచ్చమ్మది వెదుళ్ళపాక. పెద్దేరు ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయింది. ఎనభై నాలుగు కుటుంబాలు ఆరేళ్ళుగా కాలవగట్టు మీద రేకుల షెడ్లలో ఉంటున్నాయి. ఇళ్ళ స్థలాలు ఇస్తామన్నారు. కానీ అవి మునిగిన గ్రామాలవాళ్ళకే. వెదుళ్ళపాక గ్రామమేనని చూపించే దస్త్రాన్ని చెదలు తినేశాయి. దస్త్రం లేదు గనక గ్రామం లేదు; గ్రామం లేదు గనక వీళ్ళంతా వెదురు నరుక్కోవడానికి అడవిలోకి వచ్చి పోయే జనమని పునరావాస కార్యాలయం తేల్చింది. ఒక్క దారి మాత్రం వదిలింది. పందొమ్మిదివందల అరవైకి ముందు పోస్టాఫీసు ఉన్న చోటును గ్రామంగా గుర్తించవచ్చు.

"పోస్టాపీసు ఉంది బాబు మాకు. మా పెదనాన్నే నడిపేవాడు. నేను పుట్టినప్పుడు మా నాయన కలప డిపోలో పనికని రాజమండ్రి పోయున్నాడంట. ఆడపిల్ల పుట్టిందని మా పెదనాన్న ఉత్తరం రాసి, ఆయనే ముద్దర కొట్టి పంపాడు. మా నాయన చచ్చిందాకా దాచుకున్నాడు. ఇది చూపెడితే, మసగ్గా ఉంది, పాలేటిపట్నం పోయి స్పష్టత సర్టిఫికెట్ తెచ్చుకోమన్నారు."

ఉదయం పదిగంటల ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. జోజప్ప కవరును బల్ల అంచుకు జరిపి, కొద్దికొద్దిగా తిప్పాడు. నీలం గాజు అడ్డం పెట్టాడు, తీశాడు. ఎర్ర బిళ్ళ మీద నల్లసిరా తేలడం కష్టం. పావుగంట పట్టింది. ఒక అక్షరం వచ్చి, పక్కది దొరికేసరికి మొదటిది జారిపోయేది. చివరికి అన్నీ ఒక్కసారి నిలబడ్డాయి.

"వెదుళ్ళపాక," అన్నాడు. "తొమ్మిది, జూలై, పందొమ్మిదివందల యాభై మూడు."

లచ్చమ్మ కవరు మీదికి వంగింది. "మళ్ళీ ఒకపాలి చెప్పు బాబు," అంది.

"వెదుళ్ళపాక."

"ఆరేళ్ళలో ఆపీసు కుర్చీలో కూకున్న మనిషి నోట మా ఊరి పేరు వినడం ఇదే," అని కొంగుతో మొహం తుడుచుకుంది.

జోజప్ప ఆ మధ్యాహ్నమే చీటీ రాశాడు. ఎప్పుడూ రాయనంత పెద్ద అక్షరాలతో, పేరూ తేదీ కింద రెండేసి గీతలు గీసి, కవరుతో పాటు సంఘానికి పంపాడు. మానేసే మాట మరి ఎత్తలేదు.

శుక్రవారం సంఘం కూర్చుంది. నిపుణుడు గుమ్మం దగ్గర నిలబడవచ్చు, లోపలికి రాకూడదు. విద్యాధరరావు కవరును చేతికి తీసుకుని, చూపు ఆనించి, "పందొమ్మిదివందల నలభై ఏడు," అన్నాడు. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం గనక ఆయనకు ఏ బిళ్ళ మీదైనా ముందు అదే కనిపించేది. లెక్కల అధికారి, "అరవై రెండు," అన్నాడు. అరవై దాటితే గ్రామం లేనట్టేనని గుమ్మంలో జోజప్ప కంగారుపడ్డాడు. పట్టుపరిశ్రమ అధికారి చాలాసేపు చూసి, నిజాయితీగా, "నాకేమీ కనబడటం లేదండి," అన్నాడు.

"కనబడనిచో సున్నాగా నమోదు చేయవలెను," అన్నాడు లెక్కల అధికారి.

ఊరి పేరు దగ్గర విద్యాధరరావు జోజప్ప చీటీ వంక ఓరగా చూశాడు. చీటీ మధ్యకి మడిచి ఉన్నందున 'వెదుళ్ళ' వరకే కనబడింది, అదే చెప్పాడు. వెనక సగం లెక్కల అధికారి వంతు. ఆయన కిటికీలోంచి ఎదురుగా ఉన్న బస్టాండు బోర్డు చూసి 'పట్నం' అన్నాడు. తర్వాత కాగితం మీద కూడి, భాగించి, మరోసారి సరిచూసి ప్రకటించాడు: "వెదుళ్ళపట్నం. పదమూడువందల మూడు. శేషం లేదు."

గుమ్మంలో జోజప్పకు నోరాగలేదు. "అయ్యా, పదమూడువందల మూడులో పోస్టాఫీసెక్కడిదండీ! అసలు తపాలా బిళ్ళంటూ పుట్టి రెండువందల ఏళ్ళు కూడా కాలేదు!"

విద్యాధరరావు పెన్ను కింద పెట్టి ఆలోచనలో పడ్డాడు. ఈ మనిషిలో కూడా ఎక్కడో ఒక మూల ఇంగితం ఉండి ఉంటుందని జోజప్పకు ఆశ కలిగింది. విద్యాధరరావు మొహం మెల్లగా వెలిగింది.

"అనగా," అన్నాడు, "ప్రపంచమున మనమే ముందన్నమాట!"

"కాదండీ..."

"బిళ్ళ మీద నటరాజమూర్తి ఉన్నాడు, గమనించితిరా? చోళుల కాలము. తేదీకి సరిగా సరిపోయినది."

"దాని మీద 'రెండణాలు' అని ఇంగ్లీషులో ఉందండీ!"

"ఇంగ్లీషు కూడ ఇటనుండియే వెళ్ళి ఉండవచ్చును. అది వేరొక శాఖ పరిశీలింపవలసిన అంశము."

ఆ సాయంత్రమే రాజధానికి వర్తమానం వెళ్ళింది. ఆ తర్వాత రెండు వారాలు పాలేటిపట్నంలో పండగే. ప్రపంచపు తొలి తపాలా బిళ్ళ మన గడ్డ మీదిదేనని సభలు జరిగాయి. 'చోళుల కొరియరు' అనే విషయం మీద బళ్ళలో వ్యాసరచన పోటీలు పెట్టారు. ఒక ఆచార్యుడు వచ్చి, వెదుళ్ళపట్నం కోటగోడల పొడవు ఎంతో గంటన్నర ఉపన్యసించాడు. ఇది నమ్మశక్యంగా లేదని స్థానిక పత్రికకు ఉత్తరం రాసిన లెక్కల మాస్టారిని, ఊరి గొప్ప చూసి ఓర్వలేనివాడని సభలోనే తిట్టారు. ఆయన మర్నాడు క్షమాపణ ఉత్తరం రాశాడు. దాని మీద ముద్ర స్పష్టంగా పడింది.

లచ్చమ్మ రోజూ కాలవగట్టు నుంచి రెండు బస్సులు మారి వచ్చి అరుగు మీద కూర్చునేది. "సర్టిఫికెట్ రాసేశారా బాబు?" అనేది. "రేపమ్మా," అనేవాడు జోజప్ప. ఆమె కవరు జాతీయ సంపదైపోయింది గనక తిరిగి ఇవ్వరాదని మృత్యుంజయం ఫైల్లో రాశాడు.

"అందులో ఉత్తరం మా పెదనాన్న రాసింది బాబు. అదైనా ఇస్తారా?"

అడిగి చూస్తానన్నాడు జోజప్ప. అడిగాడు. ఉత్తరం విడిగా ఇస్తే కవరు ఖాళీ అవుతుందని జవాబు వచ్చింది.

పండగ చూడడానికి పెద్ద అధికారి మళ్ళీ వస్తున్నాడని తెలిసింది. ఈసారి ఆయన కళ్ళజోడు మరిచిపోయినా ముద్ర చదవగలగాలి. విద్యాధరరావు రెండు రోజులు తలుపు వేసుకుని ఆలోచించి, పథకానికే మకుటమనదగిన ఉత్తర్వు ఇచ్చాడు: సంఘం నిర్ణయించిన ప్రతి ముద్రనూ, అదే బిళ్ళ మీద, కొత్త సిరాతో, పెద్ద అక్షరాలతో తిరిగి వేయవలెను. దాంతో మసక సమస్య మొదలంటా తీరిపోతుంది.

సాసరంత రబ్బరు స్టాంపులు తయారయ్యాయి. సోమవారం కింది బీరువాతో మొదలుపెట్టారు. ఎత్తేసిన ఓడరేవు మీద రాజనాడ పడింది. సెన్సారు గుర్తు మీద విజయమండ్రి పడింది. వాడని ఆరువేల బిళ్ళల మీద 'సంపూర్ణ మసక' అని పడింది. హాల్లోంచి పొద్దస్తమానం ధప్, ధప్‌మని చప్పుడు. జోజప్ప ఒక్కో టైపిస్టునూ బతిమాలాడు. "పాపం, వాటినేం చెయ్యకండమ్మా, అవి మళ్ళీ దొరకవు," అన్నాడు. పై నుంచి ఉత్తర్వండీ, అన్నారు వాళ్ళు. నిజానికి వాళ్ళ చేతులూ నొప్పెడుతున్నాయి.

బుధవారం మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి ఆయన బల్ల మీద లచ్చమ్మ కవరు ఉంది. నటరాజు కనబడటం లేదు. బిళ్ళంతా, బిళ్ళ పక్కన రాజమండ్రి కలప డిపో చిరునామా అంతా ఊదారంగు. తడి ఇంకా ఆరలేదు. రెండు బారల దూరం నుంచి కూడా చదవొచ్చు: వెదుళ్ళపట్నం, 1303. జోజప్ప కవరును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఏటవాలు వెలుగులో తిప్పాడు. నీలం గాజు పెట్టాడు. ఇక ఏ వెలుగులోనూ ఏమీ తేలలేదు.

వెనక మృత్యుంజయం సర్టిఫికెట్ పట్టుకుని నిలబడ్డాడు. "ఇక్కడ మీ సంతకం కావాలండి. ముద్ర మసగ్గా ఉన్నప్పుడు చదివింది మీరొక్కరే గదా. మీరు సంతకం పెడితేగానీ చెల్లదు."

'వెదుళ్ళపట్నం, క్రీ.శ. 1303. నా స్వహస్తముతో పరిశీలించి ధ్రువపరచడమైనది.'

"నేను పెట్టను," అన్నాడు జోజప్ప.

"పెట్టకపోతే ఫైలు మూసేస్తారండి. ఎనభై నాలుగు కుటుంబాలూ దాంతోపాటే." ఆ మాట మృత్యుంజయం బెదిరింపుగా అనలేదు. ఫైళ్ళ స్వభావం ఎరిగినవాడిగా అన్నాడు.

జోజప్ప కవరూ సర్టిఫికెట్టూ తీసుకుని అరుగు మీదికి వెళ్ళాడు. లచ్చమ్మ పక్కన కూర్చుని, జరిగిందంతా చెప్పాడు. ఆమె ఊదారంగు మరక మీద వేలు పెట్టి చూసుకుంది. వేలికి అంటింది. ఏడుస్తుందేమోనని జోజప్ప తల తిప్పుకున్నాడు.

"పదమూడొందలంటే అరవైకి ముందా, తరవాతా?" అని అడిగింది.

"ముందేనమ్మా. చాలా ముందు."

"అయితే ఇళ్ళ తలాలు ఇస్తారా?"

"ఇస్తారు. నేను సంతకం పెడితే."

"మరి పెట్టు."

"ఇది అబద్ధం గదమ్మా! మీ ఊరి పేరు ఇది కాదు. ముప్ఫై ఆరేళ్ళు సర్వీసు చేశానమ్మా నేను. ఒక్క కార్డు కూడా తెలిసి తెలిసి వేరే ఊరి గూట్లో వెయ్యలేదు."

"నీళ్ళొచ్చినప్పుడు ఊరికి నిజం పేరే ఉంది బాబు," అంది లచ్చమ్మ. "అదేం ఆపింది? నా మనవరాలికి తొమ్మిదో నెల. ఆ రేకుల కింద పగలు రొట్టె కాల్చుకోవచ్చు. పెట్టు బాబు."

జోజప్ప జేబులోంచి పెన్ను తీశాడు. సంతకం పెడుతుంటే తన పేరు తనకే ఇంకెవరిదో అన్నట్టు కనిపించింది. కాగితాన్ని లోపలికి తీసుకెళ్ళి మృత్యుంజయం చేతికిచ్చి, కవరులోంచి ఉత్తరం తీసి, అతని కళ్ళెదుటే మడిచి జేబులో పెట్టుకున్నాడు. మృత్యుంజయం ఒక్క క్షణం ఆయన వంక చూశాడు. తర్వాత ఫైల్లో 'కవరు పరిశీలించడమైనది, అన్నియు సక్రమముగా నున్నవి' అని రాశాడు. అతని ఉద్యోగ జీవితంలో ఆ వాక్యం ఒకరికి ఉపకారం చేయడం అదే మొదలు. జోజప్ప ఉత్తరం లచ్చమ్మకిచ్చి, నల్ల మూకుడు చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు.

పెద్ద అధికారి వచ్చాడు. దూరం నుంచే ముద్ర చదివాడు. సంతోషించాడు. విద్యాధరరావుకు ప్రమోషన్ ఇచ్చి, అరిగిపోయిన రాతి శాసనాల శాఖకు అధిపతిగా పంపారు. ఆయన ఛార్జీ తీసుకున్న మొదటిరోజే నాలుగువందల ఉలులకు టెండరు పిలిచాడు.

ఎనభై నాలుగు కుటుంబాలకూ స్థలాలు వచ్చాయి. ఆ మాట మాత్రం నిజం. 'వెదుళ్ళపట్నం నిర్వాసితుల కాలనీ, స్థాపితం 1303' అని సిమెంటు కమాను కట్టారు. పట్టాలిచ్చే రోజు తప్పకుండా రావాలని లచ్చమ్మ కబురు పెడితే జోజప్ప వెళ్ళాడు. షామియానా కింద ఒక కుర్ర గుమాస్తా కంప్యూటరు ముందు కూర్చుని వివరాలు ఎక్కిస్తున్నాడు. వరసలో ముందు లచ్చమ్మ ఉంది.

"వయసు?"

"డెబ్బై."

గుమాస్తా ఫైలు చూశాడు. "ఉత్తరంలో పుట్టినట్టు రాసిన పిల్ల మీరే గదమ్మా? అంటే ఏడువందల ఇరవై." వయసు గడిలో మూడంకెలకు చోటుంది గనక కంప్యూటరు అభ్యంతరం చెప్పలేదు. "పుట్టిన ఊరు?"

"వెదుళ్ళపాక."

"ఆ పేరుతో ఊరు లేదమ్మా. వెదుళ్ళపట్నం అనాలి."

"నువ్వేం రాసుకుంటావో రాసుకో నాయనా. అడిగావు గనక చెప్పాను. వెదుళ్ళపాక."

అతను వెదుళ్ళపట్నం అని కొట్టాడు. వెనక మనిషి వచ్చాడు. పుట్టిన ఊరు? వెదుళ్ళపాక. తర్వాతి మనిషి. వెదుళ్ళపాక. గొంతులో మొండితనం గానీ కోపం గానీ లేదు, అడిగినదానికి జవాబు చెబుతున్నారంతే. ఇరవయ్యో మనిషి దగ్గర గుమాస్తాకు విసుగొచ్చి, కుర్చీలో కూర్చున్న జోజప్ప వైపు తిరిగాడు.

"సార్, సర్టిఫికెట్ మీద సంతకం మీదే గదా. మీరైనా వీళ్ళకి సరిగా చెప్పండి."

వరసలో అందరూ జోజప్ప వంక చూశారు. లచ్చమ్మ కూడా చూసింది. ఆమె మనవరాలు నెల బిడ్డనెత్తుకుని కమాను నీడన నిలబడి ఉంది. జోజప్ప లేచి నిలబడ్డాడు. తన సంతకం గురించి ఏదో చెప్పాలనుకున్నాడు. అందరి ముందూ క్షమించమనాలనుకున్నాడు. చివరికి కుర్చీ జరుపుకుని గుమాస్తా పక్కన కూర్చున్నాడు. జేబులోంచి కాగితం తీసి, తన పెన్నుతో పైన ఊరి పేరు రాశాడు. దాని కింద మొదటి పేరుగా సోడె లచ్చమ్మ అని రాశాడు.

"నువ్వు నీది కొట్టుకో బాబూ," అన్నాడు. "వాళ్ళు చెప్పింది నేను రాసుకుంటాను. తర్వాతెవరమ్మా? గట్టిగా చెప్పండి."